చిన్నమెదడు, పెద్ద మౌనం

నడకకూ చూపుకూ మాటకూ తూకం నేర్పే భాగం తల వెనక భాగాన ఒదిగి ఉంటుంది. అది తరతరాలుగా దెబ్బతింటున్న కుటుంబాలు దేశంలో ఉన్నాయి. కారణం తెలిసింది, పరీక్ష వచ్చింది. ఆ ఫలితాన్ని ఎవరికి చెప్పాలన్నదే ఇంకా తేలలేదు

మొదట చెయ్యి వణుకుతుంది. టీ కప్పు సాసర్‌లో గలగలమంటుంది. చెక్కు మీది సంతకం బ్యాంకులో ఉన్న నమూనాతో కలవదు. అప్పటికి వయసు ముప్పై దాటి ఉంటుంది, లేదా నలభైల్లోకి వచ్చి ఉంటుంది. ఒకరు నరాల బలహీనత అంటారు, ఇంకొకరు పార్కిన్సన్స్ ఏమోనని అనుమానిస్తారు. కొన్నేళ్లు గడిచాక నడక కూడా మారుతుంది. పాదాలు ఎడంగా పడతాయి. మలుపు తిరగాలంటే గోడ ఆసరా కావాలి. మాట ముద్దముద్దగా వస్తుంది. నాన్నకూ ఇలాగే ఉండేదని, అంతకుముందు తాతకూ ఇలాగే ఉండేదని ఇంట్లో ఎవరికో గుర్తొచ్చేది అప్పుడే.

ఈ జబ్బు పేరు స్పైనోసెరెబెల్లార్ ఎటాక్సియా-12. వైద్యులు క్లుప్తంగా ఎస్‌సీఏ-12 అంటారు. అమెరికాలో స్థిరపడిన జర్మన్ మూలాల కుటుంబం ఒకదానిలో దీన్ని మొదటిసారి గుర్తించినట్టు 1999లో ప్రకటించారు. ప్రపంచంలో చాలాచోట్ల ఇది అత్యంత అరుదు. భారత్‌లో మాత్రం పరిస్థితి వేరు. 2001లోనే ఢిల్లీలోని ఎయిమ్స్ వైద్యులు, జన్యు శాస్త్రవేత్తలు కలిసి ఇక్కడి ఐదు కుటుంబాల్లో దీన్ని నిర్ధారించారు. తర్వాతి పరిశోధనల్లో కేసులు ఎక్కువగా ఒకే సామాజిక వర్గంలో, ఉత్తరాది వ్యాపార వర్గమైన అగర్వాల్‌లలో కనిపించాయి.

ఈ కుటుంబాల్లో కండరాలు చచ్చుబడవు. బలం ఉంటుంది, కదలాలన్న కోరికా ఉంటుంది. లోపించేది తూకం. దాన్ని చూసుకునేది చిన్నమెదడు.

ముందే లెక్కకట్టే యంత్రం

తల వెనక భాగాన, మెడకు కాస్త పైన, పెద్దమెదడు కింద ఉండే చిన్నమెదడు మొత్తం మెదడు బరువులో పదో వంతు మాత్రమే. కానీ మెదడులోని సుమారు 8,600 కోట్ల నాడీకణాల్లో దాదాపు 6,900 కోట్లు దానిలోనే ఉన్నాయని బ్రెజిల్ శాస్త్రవేత్తలు 2009లో లెక్క తేల్చారు. అంటే ప్రతి ఐదు కణాల్లో నాలుగు ఇక్కడివే. కదలమని ఆజ్ఞ ఇచ్చే పని ప్రధానంగా పెద్దమెదడుది. ఇంత జనాభాను పెట్టుకుని చిన్నమెదడు చేసేది ఆ ఆజ్ఞ సరిగ్గా అమలయ్యేలా చూడటం.

అందుకు దానికి రెండు వైపుల నుంచీ సమాచారం అందుతుంది. ఏం చేయబోతున్నామో పెద్దమెదడు నుంచి తెలుస్తుంది. ఇప్పుడు ఒళ్లు ఎలా ఉందో కండరాలు, కీళ్లు, కళ్లు, లోపలి చెవి నుంచి తెలుస్తుంది. రెంటినీ పోల్చి ఎక్కడ ఎంత తగ్గించాలో, ఎంత పెంచాలో, ఏ కండరం ఎప్పుడు ఆగాలో అది సర్దుతుంది. గ్లాసు అందుకునే చెయ్యి సరిగ్గా గ్లాసు దగ్గరే ఆగడం ఈ సర్దుబాటు ఫలితమే.

చిక్కల్లా సమయంతోనే. కంటికి కనిపించిన తప్పును చూసి చేతిని సవరించుకోవడానికి సెకనులో పదో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రికెట్ బంతి బ్యాట్స్‌మన్‌ను చేరడానికి పట్టే సమయం అర సెకను. చూసి, తప్పు తెలుసుకుని, దిద్దుకునే తీరిక అక్కడ లేదు. అందుకే మెదడు ముందే అంచనా కడుతుంది. బ్యాట్స్‌మన్ల కళ్లు బంతిని మొదటి నుంచి చివరి దాకా వెంబడించవని, అది పిచ్‌పై పడబోయే చోటుకు ముందే దూకి ఎదురుచూస్తాయని 2000లో ఇంగ్లండ్‌లో జరిగిన ప్రయోగం చూపింది. కదలికల్లో ఇలాంటి అంచనాలకు కీలక కేంద్రం చిన్నమెదడే. మన చెయ్యి మనకే చక్కిలిగింత పెట్టలేకపోవడానికీ ఇదే కారణమని 1998లో లండన్ పరిశోధకులు తేల్చారు. ఆ స్పర్శ ఎలా ఉండబోతోందో చిన్నమెదడు ముందే లెక్కకట్టేస్తుంది కనుక కొత్తదనం ఉండదు.

ఒక చిన్న ప్రయోగంతో దీని పనితనం ఎవరైనా చూడొచ్చు. ఈ పేజీని కదలకుండా పట్టుకుని తలను అటూ ఇటూ వేగంగా తిప్పుతూ చదవండి. అక్షరాలు దాదాపు నిలకడగానే కనిపిస్తాయి. ఇప్పుడు తలను కదపకుండా పేజీని అదే వేగంతో ఊపండి. అక్షరాలు అలుక్కుపోతాయి. తల తిరిగినప్పుడు లోపలి చెవి ఆ సంగతి చెబుతుంది, వెంటనే కళ్లు అంతే కోణంలో రెండోవైపు తిరుగుతాయి. ఆ కొలత తప్పకుండా చూసేది చిన్నమెదడు. కొత్త కళ్లజోడు పెట్టుకున్న రెండు మూడు రోజులు తల తిరిగినట్టుండి తర్వాత సర్దుకుంటుందంటే, లోపల ఎవరో లెక్క మార్చి రాసుకున్నారన్నమాట.

ఆ లెక్కలు నడిచేది పర్కింజీ కణాల్లో. చెక్ శాస్త్రవేత్త యాన్ పర్కింజీ 1837లో వీటిని వర్ణించాడు. కొమ్మలు విప్పిన చెట్టులా ఉండే ఒక్కో కణానికి లక్షకు పైగా సంబంధాలు ఉంటాయి. తప్పు జరిగినప్పుడల్లా వేరే దారిలో ఒక హెచ్చరిక అందుతుందని, దాన్నిబట్టి ఈ సంబంధాల బలం మారుతుందని, సైకిల్ తొక్కడమైనా వీణ వాయించడమైనా అలాగే ఒంటబడుతుందని బ్రిటన్‌లో డేవిడ్ మార్ 1969లో, అమెరికాలో జేమ్స్ ఆల్బస్ 1971లో ప్రతిపాదించారు. జపాన్ శాస్త్రవేత్త మసావో ఇటో బృందం 1980ల్లో దానికి ప్రయోగపూర్వక ఆధారం చూపింది. తర్వాతి పరిశోధనలు ఈ చిత్రాన్ని మరింత క్లిష్టం చేశాయి గానీ, తప్పుల నుంచే నేర్చుకుంటుందన్న మూలసూత్రం నిలిచింది.

యుద్ధం నేర్పిన పాఠం

ఇదంతా తెలియడానికి ముందు పావురాలు, సైనికులు మూల్యం చెల్లించారు. ఫ్రాన్స్‌లో పియర్ ఫ్లూరెన్స్ 1820ల్లో పావురాల చిన్నమెదడును పొరలు పొరలుగా తొలగించి చూశాడు. అవి చూడగలిగాయి, వినగలిగాయి, రెక్కలు కదపగలిగాయి. కానీ ఆ కదలికల్లో పొందిక పోయింది. తాగినవాళ్లలా తూలాయి.

మనుషుల సంగతి మొదటి ప్రపంచ యుద్ధంలో స్పష్టమైంది. ఫ్రాన్స్‌లోని బ్రిటిష్ సైనిక ఆస్పత్రుల్లో పనిచేసిన గోర్డన్ హోమ్స్ తల వెనక తూటాలు తగిలిన సైనికులను పరీక్షించి 1917లో తన పరిశీలనలు ప్రచురించాడు. దెబ్బ తగిలిన వైపు చెయ్యి లక్ష్యాన్ని దాటిపోయేది లేదా ముందే ఆగిపోయేది. అరచేతిని వెంటవెంటనే తిప్పమంటే లయ తప్పేది. బాగున్న చెయ్యి తనంతట తానే పనిచేస్తుందని, రెండో చేత్తో ప్రతి కదలికనూ ఆలోచించి చేయాల్సి వస్తోందని ఒక రోగి ఆయనకు చెప్పాడు. చిన్నమెదడు రోజంతా మన బదులు చేసే పని ఏమిటో ఇంతకన్నా బాగా చెప్పినవారు తక్కువ. వేలితో ముక్కును, తర్వాత డాక్టరు వేలిని తాకమనడం, అరచేతులు గబగబా తిప్పమనడం, గీత మీద మడమకు మునివేళ్లు ఆనించి నడవమనడం వంటి పరీక్షలు నేటికీ ప్రతి న్యూరాలజీ ఓపీలో కనిపిస్తాయి.

అయితే మెదడుకు సర్దుకుపోయే గుణమూ ఉంది. చైనాలో తల తిరుగుతోందని ఆస్పత్రికి వచ్చిన 24 ఏళ్ల మహిళకు స్కాన్ తీస్తే చిన్నమెదడే లేదని తేలింది. పుట్టుకతోనే అది ఏర్పడలేదు. 2014లో ఈ ఉదంతం వెలువడింది. ఆమె ఏడేళ్ల వరకు నడవలేదు, ఆరేళ్ల దాకా మాట స్పష్టంగా రాలేదు, నడకలో తూలు పోలేదు. అయినా ఆమె పెళ్లి చేసుకుని తల్లయింది. లోటు పుట్టుకతో వస్తే మిగతా మెదడు ఎంతోకొంత భారం మోయగలదు. నడివయసులో వస్తే ఆ వెసులుబాటు తక్కువ.

ఎండ, మందు, మాత్ర

చిన్నమెదడుకు అన్ని దెబ్బలూ వారసత్వంగా రావు. అందరికీ తెలిసిన శత్రువు మద్యం. తాగినవాడి అడుగు తడబడటానికి, మాట ముద్దకావడానికి పెద్ద కారణం చిన్నమెదడు పని మందగించడమే. మత్తు దిగితే అది కోలుకుంటుంది. ఏళ్ల తరబడి తాగేవారిలో మాత్రం దాని మధ్య భాగం శాశ్వతంగా కుంచించుకుపోయి, తాగని రోజునా నడక తూలుతుంది. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ మోతాదు మించినా తూలు, కళ్లు అదరడం మొదలవుతాయి. మాత్ర పడుతోంది కదా అని ఏళ్లపాటు పరీక్ష చేయించుకోని రోగులకు ఈ ముప్పు ఎక్కువ.

తెలుగునాట తక్కువగా చర్చకు వచ్చేది ఎండ. పర్కింజీ కణాలు వేడికి త్వరగా చచ్చిపోయే రకం. 2015 వేసవిలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి 2,000 మందికి పైగా చనిపోయారు. చనిపోయినవారి లెక్కే బయటికి వస్తుంది. తీవ్రమైన వడదెబ్బ నుంచి బతికి బయటపడిన కొందరికి తర్వాత నడక కుదరదు, మాట సాగుతుంది, చెయ్యి గురి తప్పుతుంది. ఉపాధి పనికో భవన నిర్మాణానికో వెళ్లే కూలీకి అది బతుకుతెరువు పోవడమే. వడదెబ్బ తగిలిన మనిషి ఒంటిని నిమిషాల్లో చల్లబరచడం ప్రాణం కోసమే కాదు, ఆ తర్వాతి నడక కోసం కూడా.

ఇంకోటి పక్షవాతం. ఉన్నట్టుండి గిర్రున తల తిరగడం, వాంతులు, నిలబడలేకపోవడం పైత్యంగానో గ్యాస్‌గానో తోసిపారేయడానికి వీల్లేని లక్షణాలు. చిన్నమెదడుకు రక్తం ఆగినా, అక్కడ రక్తం చిమ్మినా ఇలాగే మొదలు కావొచ్చు. అక్కడ వాపు పెరిగితే పక్కనే ఉండి ఊపిరిని నడిపించే మెదడు కాండం నలుగుతుంది. గంటల వ్యవధిలో ప్రాణం మీదికి వస్తుంది.

రక్తంలో రాసి ఉన్న తూలు

వారసత్వంగా వచ్చే ఎటాక్సియాల కథలో భారత్‌ది పెద్ద పాత్రే. బొంబాయి న్యూరాలజిస్టు నోషిర్ వాడియా 1971లో ఒక వింత గమనించి ప్రకటించారు. తూలు వంశపారంపర్యంగా వస్తున్న కొన్ని కుటుంబాల్లో కళ్లు ఒక వస్తువు నుంచి ఇంకో వస్తువుకు చటుక్కున దూకడం లేదు, మెల్లగా జారుతున్నాయి. ఇది ప్రత్యేకమైన జబ్బని ఆయన వాదించారు. పాతికేళ్ల తర్వాత, 1996లో, ఎస్‌సీఏ-2 జన్యువు దొరికింది. వాడియా చూసిన కుటుంబాల జబ్బు అదేనని తేలింది. దేశంలో ఎక్కువగా కనిపించే వంశపారంపర్య ఎటాక్సియాల్లో అదొకటి. తమిళనాట ఒక సామాజిక వర్గంలో ఎస్‌సీఏ-1 అసాధారణంగా ఎక్కువగా ఉందని 2005లో పరిశోధకులు నివేదించారు. ఇలాంటి రకాలు ఇప్పటికి 40కి పైగా తేలాయి.

ఎస్‌సీఏ-12లో లోపం 5వ క్రోమోజోములోని ఒక జన్యువుది. అక్కడ సీఏజీ అనే మూడక్షరాల మాట వరుసగా పునరావృతమవుతుంది. ఆరోగ్యవంతుల్లో ఆ సంఖ్య సాధారణంగా 30 లోపే. అది 51 దాటితే జబ్బని మొదట్లో అనుకున్నారు. 43 ఉన్నా లక్షణాలు రావచ్చని భారతీయ రోగులపై జరిగిన పరిశోధన 2017లో తేల్చింది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ రావడానికి సగానికి సగం అవకాశం. కొడుకా కూతురా అన్న తేడా లేదు.

ఇది అగర్వాల్‌లకే ఎందుకు వచ్చింది? భారతీయ కుటుంబాల్లో ఈ లోపం ఎప్పుడో ఒకే పూర్వీకుడి నుంచి వ్యాపించిందనడానికి ఢిల్లీ శాస్త్రవేత్తలు 2005లో ఆధారాలు చూపారు. ఇది దగ్గరి బంధువుల పెళ్లిళ్ల పాపం కాదు. ఆ వర్గం గోత్రం చూసి, సగోత్రం కాకుండానే పెళ్లి చేస్తుంది. కానీ కులం దాటదు. దాంతో లోపం బయటికి పోక అదే వలయంలో తిరుగుతుంది. తెలుగు, తమిళ కుటుంబాల్లో ఇప్పటికీ వినిపించే మేనరికాల ముప్పు ఇంకో రకం. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపం వస్తేనే బయటపడే ఫ్రీడ్రైక్స్ ఎటాక్సియా వంటి జబ్బులకు అవి దారి తీస్తాయి.

తెలుసుకుంటే ఏమొస్తుంది?

ఒక్క రక్త పరీక్షతో జన్యువు సంగతి తేలిపోతుంది. ఆ తర్వాతే అసలు చిక్కు. ఇరవై ఐదేళ్ల యువకుడు, తండ్రికి జబ్బు ఉన్నవాడు, ఇప్పటికి ఏ లక్షణమూ లేనివాడు, పరీక్ష చేయించుకోవాలా? ఉందని తేలితే ఆపే మందు లేదు. ఎప్పుడు మొదలవుతుందో కచ్చితంగా చెప్పేవారూ లేరు. లేదని తేలితే తన పిల్లల గురించిన భయం పోతుంది. అందుకే నిర్ణయం వయసొచ్చిన వ్యక్తిదే అయి ఉండాలని, ముందూ వెనకా కౌన్సెలింగ్ తప్పదని, పెద్దయ్యాక వచ్చే ఇలాంటి జబ్బులకు పిల్లల్ని పరీక్షించకూడదని వైద్యలోకం ఒప్పుకున్న నియమం.

కానీ సంబంధం కుదిర్చేటప్పుడు ఈ నియమాలు ఎవరు చూస్తారు? ఒకరి ఫలితం బయటపడితే తోబుట్టువుల, పిన్నమ్మల, బాబాయిల పిల్లల పెళ్లిళ్ల మీదా నీడ పడుతుంది. చెప్పకపోతే పెళ్లయి వచ్చినవారికి అన్యాయం. పెళ్లికి ముందు చెప్పే ధైర్యం లేక, తర్వాత చెప్పే ముఖం లేక ఊరుకుంటే మౌనమే గెలుస్తుంది, లోపం మరో తరానికి చేరుతుంది. తెలిసినవారికి దారులు లేకపోలేదు. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 నాటి చట్టమే జన్యులోపాల కోసం గర్భస్థ పరీక్షను షరతులతో అనుమతిస్తోంది.

చట్టం మిగతా విషయాల్లో అంత స్పష్టంగా లేదు. జన్యులోపం పేరుతో ఆరోగ్య బీమాలో వివక్ష చూపడం రాజ్యాంగ విరుద్ధమని 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. జన్యు సంబంధ జబ్బులను మినహాయించే నిబంధనలు పెట్టొద్దని మార్చిలో బీమా నియంత్రణ సంస్థ ఆదేశించింది. తర్వాత వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో 21 రకాల వైకల్యాలను గుర్తించింది. దీర్ఘకాలిక నాడీ జబ్బులకు ఉదాహరణలుగా మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను, పార్కిన్సన్స్‌ను పేరు పెట్టి చెప్పింది. ఎటాక్సియా పేరు అందులో లేదు. సర్టిఫికెట్ కోసం వెళ్లిన రోగి తన జబ్బేమిటో ముందు బోర్డుకు వివరించుకోవాలి.

కసరత్తే మందు

వైద్యం పూర్తిగా ఖాళీ చేతులతోనూ లేదు. ఫ్రీడ్రైక్స్ ఎటాక్సియాకు తొలి మందు ఒమావెలోక్సొలోన్‌ను అమెరికా 2023లో అనుమతించింది. ఎస్‌సీఏలకు అలాంటిదింకా రాలేదు. కానీ ఒక సంగతి రుజువైంది. నిలకడ, నడకల్లో నాలుగు వారాల గట్టి శిక్షణ ఇస్తే చిన్నమెదడు క్షీణిస్తున్నవారి నడక కూడా మెరుగుపడుతుందని జర్మనీ పరిశోధకులు 2009లో చూపారు. దెబ్బతిన్న చిన్నమెదడు కూడా నేర్చుకోవడం మానదన్నమాట. ఇంట్లో సాధన ఆపితే లాభం జారిపోతుంది. దానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఫిజియోథెరపిస్టు, పట్టుకోవడానికి ఒక కమ్మీ, రోజూ గంట సమయం చాలు. జిల్లా ఆస్పత్రి స్థాయిలో ఇవ్వగల సేవే ఇది.

చేయాలనుకుంటే ఎలా చేయొచ్చో క్యూబా చూపింది. ప్రపంచంలో ఎస్‌సీఏ-2 అత్యధికంగా ఉన్న చోటు ఆ దేశంలోని ఓల్గిన్ రాష్ట్రం. సంపన్న దేశమేమీ కాదు. అయినా అక్కడ ఈ జబ్బుల కోసమే కేంద్రం పెట్టారు. 2001 నుంచి కౌన్సెలింగ్‌తో కూడిన ముందస్తు జన్యు పరీక్షలు నడిపారు, రోగులకు శిక్షణ ఇచ్చారు. అక్కడ ఇది ఒక ఇంటి గుట్టు కాదు, ఒక రాష్ట్రపు ఆరోగ్య సమస్య.

భారత్‌లో ఇది ఒక్క కులం సమస్య అనుకోవడానికీ వీల్లేదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 2017లో దక్షిణాసియాకు చెందిన 263 సమూహాల జన్యువులు పరిశీలించారు. వాటిలో 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచే విస్తరించాయని, వంశపారంపర్య జబ్బులకు పేరుబడ్డ ఫిన్లాండ్ ప్రజలకన్నా, అష్కెనాజీ యూదులకన్నా వాటిలో ఆ ముద్ర గాఢంగా ఉందని తేలింది. అంటే ఇలాంటి రహస్యం ఏదో ఒకటి ఇంకా చాలా కులాల్లో దాగి ఉండొచ్చు.

అందులో ఒకటి తెలుగువారిదే. కొన్ని మత్తు ఇంజెక్షన్లతో పాటు ఇచ్చే కండరాల సడలింపు మందును విరిచే ఎంజైము లోపం ఆర్యవైశ్యుల్లో చాలా ఎక్కువ. ఆ లోపం ఉన్నవారికి అది ఇస్తే గంటల తరబడి ఊపిరి తీసుకోలేరు. ఈ సంగతి దక్షిణాది ఆస్పత్రుల్లో పాతదే. రోగి వైశ్యుడని తెలిస్తే తెలిసిన మత్తు డాక్టరు ఆ మందు జోలికి పోడు, వేరేది వాడతాడు. ఆ ఒక్క ప్రశ్న అడిగినందుకు ఇన్నేళ్లలో ఎవరి పరువూ పోలేదు, ఏ సంబంధమూ చెడలేదు. ప్రాణాలు మాత్రం నిలిచాయి.